మిగిలిన రెండు కొసలు

నల్లతీగను పళ్ళమధ్య పట్టి, దాని రబ్బరు తొడుగును కొసదాకా లాగి, పక్కకు ఉమ్మి, బయటపడ్డ రాగి పోగులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి నున్నగా చేసేసరికి, లింగమూర్తి ఆ తీగను దేనితో కలపదలచాడో మరచిపోయాడు. ఆ ఉదయం ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. తీగను అలాగే గాలిలో పట్టుకుని, అదే ఏదైనా చెబుతుందేమోనని కొంతసేపు వేచి చూశాడు.

సూరత్ గోడాదరాలోని ఆ సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకుంటేనే రెండోవారికి దారి. అందులో తన గది గుమ్మం ముందు చెక్కపీట వేసుకుని, సీటూ పక్క మూతలూ ఊడదీసిన ఒక ముసలి మోటారుసైకిలు ఎదుట, అతను తెల్లవారినప్పటినుంచీ ఆసీనుడై ఉన్నాడు. పొట్టి మనిషి. నలభై ఏళ్ళపాటు మరమగ్గం మీదికి ఒకే వైపు వంగినందువల్ల ఎడమ భుజం కుడిదానికంటె కిందికి దిగి, ఊరికే నిలుచున్నా ఏదో బరువు మోస్తున్నట్టు కనిపిస్తాడు. మగ్గాల మోతకు ఒక చెవి పూర్తిగానూ, ఇంకొకటి ముప్పాతికా పోయాయి. ఆ ఏడు ఏప్రిల్‌లో ఊరందరితోపాటు అతనికీ వచ్చిన జబ్బు, వదిలిపెట్టి పోతూ పోతూ, అతని ఊపిరిలో సగాన్నీ జ్ఞాపకంలో సగాన్నీ దారిఖర్చుకు పట్టుకుపోయింది.

వాహనానికి మాత్రం ఘనమైన వంశచరిత్ర ఉంది. వరాఛాలో వజ్రాలకు సానపట్టే ఒకాయన దానికి ఆదిప్రభువు. ఆయననుంచి ఒక పాలవాడికి, పాలవాడినుంచి పెళ్ళిమేళంలో డోలు వాయించేవాడికి, అతనినుంచి మరెవరెవరికో అది సంక్రమించగా, ప్రతి ప్రభువూ తన పాలనకు గుర్తుగా ఒక తీగను కోసి, చేతికందిన రంగు తీగను అతికి, గద్దె దిగిపోయాడు. కనుక ముందు దీపం దగ్గర ఎర్రగా బయలుదేరిన తీగ నడిమధ్య పచ్చబడి, ఇంజను చేరేసరికి గోధుమరంగులో ముగిసేది. ఈ పరంపరలో కడపటివాడు లింగమూర్తి భార్య భూదేవికి తమ్ముడు బిక్షపతి. మొదటి లాక్‌డౌన్‌లో లారీ ఎక్కి సిరిసిల్ల వైపు తరలిపోతూ, "బండి పైలం బావా" అని తాళంచెవిని బావ అరచేతిలో పెట్టాడు, మళ్ళీ రాలేదు. సందు చివరి భజియాల బండి మూతపడి ఆకలికి తాళలేని ఎలుకలు ఆ తీగలమీద పడి, ఇందరు ప్రభువులు అతికినదాన్ని ఏ పక్షపాతమూ లేకుండా తెంపిపెట్టాయి.

కులమూలపురుషుడు పులిని లొంగదీసి దానినే వాహనం చేసుకున్నాడని నేతవాళ్ళ పురాణం. తరాలు గడిచేకొద్దీ ఆ పులి ఎంత చిక్కిపోతే గోడాదరా దాకా ఈ రూపంలో వచ్చిందో పురాణం చెప్పదు.

చీకటి పడేలోగా ఈ పులి లేవాలి. శేటు ఇక్కడి కార్ఖానా అమ్మివేసి, మగ్గాలను లారీలకెత్తించి, కిమ్‌లో కొత్త షెడ్డులో దింపించాడు. సోమవారం పొద్దుటి షిఫ్టుకు ఎవడు వచ్చి తన మగ్గం ముందు నిలబడితే అది వాడిది, రానివాడిది వచ్చినవాడిది. సోమవారమంటే రేపే. కిమ్ నడిచిపోయే దూరం కాదు. లోకల్ రైళ్ళు ఇంకా మొదలు కాలేదు. ఆ వేళకు అటు పోయే ఆటో లేదు. కిటికీ పక్కన ఉండే తన మగ్గం, తన అరచేతి ఆకారానికే అరిగిన దాని ఇనుప పిడి, మరొకడి పాలవుతాయన్న ఊహ అతనికి పూర్తిగా రాదు. సగం వచ్చి ఆగిపోతుంది. జబ్బునుంచి లేచి కార్ఖానాకు వెళ్ళిన మొదటిరోజున "లింగన్న పని అయిపాయె" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాట మాత్రం, మిగిలిన పాతిక చెవిలోకి, నిండుగా దూరింది.

"పండుగపూట తానం లేదు, జంధ్యం లేదు, గా ఇనుపసామానుతోని ఏం కొట్లాటయ్యా పొద్దుగాల్నుంచి?" అని భూదేవి లోపలినుంచి అరిచింది. అతనితో మాట్లాడటమంటే అరవడమే కనుక, ఆ కాపురంలో జరిగిన ప్రణయ సంభాషణలు కూడా సందంతటికీ కంఠస్థం.

"రేపు సాంచ కాడ నిలవడాలె గదనే!" మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అనే అంటారు.

"సాంచ కాడ నిలవడుడు తర్వాత. ముందుగాల పీట మీద సక్కగ కూసో. దమ్ము వట్టే పని చెయ్యద్దని డాక్టర్ చెప్పలేదా?"

"డాక్టర్‌కేం ఎరుక? గాయన ఎన్నడన్న సాంచ నడిపిండా?"

ఈ ప్రశ్న వైద్యశాస్త్రానికి ఇంతకుముందు ఎదురై ఉండకపోవచ్చు.

వాళ్ళ కూతురు నవత గడపమీద ఫోను పట్టుకుని కూర్చుంది. చీరలు మడిచి పార్సెళ్ళు కట్టే దుకాణంలో ఆమె పని. ఆదివారం కనుక ఇంట ఉంది. సూరత్‌లో పుట్టి పెరిగిన ఆ పిల్ల వాక్యం ఒక భాషలో మునిగి ఇంకొక భాషలో తేలుతుంది.

"బాపూ, ఛోడ్ దో నా! దీన్ని పాతసామాన్ల కబాడోడు గూడ తీస్కోడు. ఇగో, వీడియో దొరికింది, జువో," అని ఫోనును తండ్రి కళ్ళముందు పెట్టింది.

వీడియోలో ఒక తెల్లచొక్కా మనిషి, ఎర్రతీగ ఫలానాది, నల్లతీగ ఫలానాది అని, పెళ్ళిపందిట్లో బంధువులను పరిచయం చేస్తున్నంత ధీమాగా చెబుతున్నాడు.

"అపనా బండిల లాల్ వైర్ ఏది బాపూ?"

లింగమూర్తి వంగి చూశాడు. ఎర్రవి చాలానే ఉన్నాయి. ఒకదాన్ని వేలితో అనుసరిస్తూ పోగా అది నీలంగా ముగిసింది. మళ్ళీ మొదటినుంచి వచ్చాడు. ఈసారి అది తెల్లగా ముగిసింది. వేలు దారి తప్పిందా, తీగ దారి తప్పిందా అతనికి తేలలేదు. మూడువేల పోగుల పడుగును ఒక్క పోగూ తారుమారు కాకుండా కళ్ళు మూసుకుని ఎక్కించిన వేలు అది. దాన్ని ఎవరో పరాయివాడి వేలును చూసినట్టు చూశాడు.

రాఖీనాడు అక్కకు ఫోను చేయడం బిక్షపతి మరువని ఏకైక ధర్మం. భూదేవి తమ్ముడితో పంటల సంగతీ పిల్లల సంగతీ మాట్లాడి, ఫోను తెచ్చి భర్త మంచి చెవికి ఆనించింది.

"బిక్షపతీ, కీ కాన్నుంచి వచ్చే వైరు ఎటు వోతదిరా?"

"కీ నా బావా?" అవతల నవ్వు. "గా కీ ఉత్తదే! తిప్పినా గంతే, తిప్పకున్నా గంతే. కిక్కు కొడ్తె నడుస్తుండె."

"మరి బంద్ జేసుడెట్ల?"

"గేరుల ఏసి కలచ్ ఇడుస్తుంటి, గుడుక్కున ఆగుతుండె. లేకుంటె పెట్రోలు నల్ల తిప్పుతుంటి. నువ్వు గా వైర్లల్ల ఏలు వెట్టకు బావా, అండ్లకు వోతె మళ్ళ బయటికి రావు."

ఆనాటి సమస్యకు సమాధానం మొత్తం ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. లింగమూర్తి వాటిని స్పష్టంగానే విన్నాడు. అయితే అవి బావమరిది నోట వచ్చినవి కావడంచేత, పాతికేళ్ళ అలవాటు చొప్పున, వాటిని పక్కన పెట్టాడు.

ఆ తర్వాత పక్కగది మార్కండేయ వేంచేశాడు. ఒకప్పుడు సాంచలు బాగుచేసే మేస్త్రి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక, అభిప్రాయాలతో జీవయాత్ర సాగిస్తున్నాడు. ప్లాస్టిక్ బకెట్టును బోర్లించి, దానిమీద సింహాసనస్థుడై, తీగలను అనుగ్రహపూర్వకంగా పరికించాడు.

"కరెంటంటే ఏందనుకున్నవ్ లింగన్నా? నీళ్ళే. పైపు పలిగితె నీళ్ళు కారిపోతయి గదా, గిదీ గంతే. ఏడేడ తెగిందో దేవులాడి అతుకు. ఒక్క కొస ఇడ్శిపెట్టినా కరెంటంత నేలపాలే."

లింగమూర్తికి ఉపశమనం కలిగింది. ఆ రోజు ఎవరైనా చెప్పినవాటిలో అర్థమైన మాట ఇదొక్కటే. పోగు తెగితే అతకాలి: అతను ఎరిగిన వేదమూ శాస్త్రమూ లోకనీతీ కలిపి ఇంతే. పదిహేడో ఏట సూరత్ రైలు దిగిన మరునాటినుంచి, నడుస్తున్న సాంచ మీద తెగిన పోగును, సాంచ ఆపకుండా, ఎడమచేతి రెండువేళ్ళతో ముడివేసి, ముడి కూడా కనబడకుండా బట్టలోకి పంపడమే అతని బతుకు. ఆ బట్ట ఏ దేశంలో ఎవరు కట్టుకున్నారో తెలియదు. పెళ్ళిపందిట్లో కూర్చున్నా పక్కవాడి కండువా అంచున వేలాడే దారాన్ని ముడి వేస్తేగాని అతనికి పప్పు రుచించేది కాదు. భూదేవీ తక్కువది కాదు. ఇంట్లో కండెలు చుట్టి చుట్టి ఆమె చేతులకూ అదే వ్రతం పట్టింది.

మధ్యాహ్నానికి ఎలుకలు కొరికిన ప్రతి తీగా తనదో కాదో తెలియని మరో తీగతో ముడిపడింది. ప్రతి ముడీ నేతముడి, చూడ ముచ్చటైనది. చివరకు రెండు కొసలు మిగిలాయి. ఒకటి ఇంజను కడుపులోంచి వచ్చే నల్లతీగ. పొద్దున పళ్ళతో ఒలిచి మరచిపోయినది. ఇంకొకటి బండి చట్రానికి మరతో బిగించి ఉన్నది, ఒకప్పుడు పచ్చనిది. ఈ రెండింటికీ జోడు దొరకలేదు. లింగమూర్తి ఒకదాన్ని చూశాడు, ఇంకొకదాన్ని చూశాడు, తల గోక్కున్నాడు.

బియ్యం చెరుగుతూ గుమ్మంలోకి వచ్చిన భూదేవి కళ్ళు నేరుగా వాటిమీదనే పడ్డాయి.

"గవి రెండు యాలాడుతున్నయేంది?"

"ఏడివో సమజైతలేదు."

"ఏడివైతేంది? కొస యాలాడంగ ఇడ్శిపెడ్తరా ఎవలన్న? అతుకు!"

మార్కండేయ బకెట్టు మీదనుంచి ఆమోదం తెలిపాడు. అలా, దిక్కులేని వాళ్ళిద్దరికి పెద్దలు కూడి మనువు చేసినట్టు, ఆ రెండు కొసలకూ ముడి పడింది.

ఈ జాతి వాహనాలలో ఒక వింత ఉంది. అన్ని తీగలూ బండిని నడపడానికి ఉంటే, ఒక్క నల్లతీగ మాత్రం ఆపడానికే ఉంటుంది. అది చట్రాన్ని తాకిందా, ప్లగ్గులో మండవలసిన నిప్పు దాని గుండా నేలకు జారిపోయి ఇంజను ఆరిపోతుంది. అది దేన్నీ తాకకుండా ఊరికే వేలాడితేనే బండి బతుకుతుంది. పూర్వప్రభువుల్లో ఎవడో బుద్ధిమంతుడు తాళం పాడైనప్పుడు దాన్ని కోసి వదిలాడు. అప్పటినుంచి బండి, తాళంతో నిమిత్తం లేకుండా, ఆ తెగిన కొస పుణ్యాననే పరుగెత్తింది. ఎలుకలు దాని జోలికి పోలేదు. లోకంలో తెగి ఉండడమే కర్తవ్యంగా గల పోగు ఒకటి ఉంటుందని నేతవాళ్ళకు ఎవరు చెప్పాలి?

లింగమూర్తి లేచి కిక్కు కొట్టాడు. బండి దగ్గలేదు. మళ్ళీ కొట్టాడు. కుడికాలు అలిసి, ఎడమకాలికి మార్చాడు. ప్రతి నాలుగింటికీ గోడ పట్టుకుని, నోరు తెరిచి, దూరపు బావిలోంచి తోడుతున్నట్టు ఊపిరి తెచ్చుకున్నాడు.

"ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనిచ్చి కొట్టు. రవ్వ ఎగురుతదా సూస్తం," అన్నాడు మార్కండేయ.

ముగ్గురూ వంగి చూశారు. రవ్వ ఎగరలేదు.

"కరెంటు వస్తలేదు," అని మార్కండేయ తీర్పు చెప్పాడు.

"గది మాకూ కనవడుతుంది కాకా," అంది నవత. తర్వాత తండ్రి ముఖం చూసి గొంతు తగ్గించింది, తగ్గిస్తే అతనికి వినబడదని మరచి. "బాపూ, పెదవులు గట్ల నల్లగైనయేంది? ఇగ బస్ కరో. కల్ నేనే ఎవల్నన్న అడిగి దింపిపిస్త."

అతను ఆమె పెదవుల కదలికను చదివి నవ్వాడు. "దింపిపిస్తే ఎట్ల? ఒక్కనాటి పనా? నేనే పోవాలె." రేపు షెడ్డు ముందు బండి దిగి, స్టాండు వేసి, అందరూ చూస్తుండగా తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి నడవడం, ఈ ఒక్క దృశ్యం మాత్రం ఆ మసకబారిన జ్ఞాపకంలో జరగకముందే జరిగినంత స్పష్టంగా ఉంది.

ఎట్టకేలకు స్నానం చేశాడు. భూదేవి పెట్టిన అన్నం సగం తిన్నాడు. రాఖీ పున్నమే నేతవాళ్ళకు నూలి పున్నమి. ఏటా ఆనాడు పసుపు రాసిన నూలుపోగును ముందు చేతికీ ఆపైన సాంచకూ కట్టడం వాళ్ళింటి ఆచారం. భూదేవి ఒక పోగును అతని మణికట్టుకు కట్టింది. రెండోదాన్ని మడిచి, రేపటికని కొయ్యకు తగిలించిన చొక్కాజేబులో పెట్టింది.

"సాంచకు రేపు కట్టు, మరువకు."

"మరువ." కొంచెం ఆగి అడిగాడు. "ఏడుంది మన సాంచ?"

"కిమ్‌ల."

"అవ్. కిమ్‌ల," అన్నాడు. కాని బయటికి వచ్చి పీటమీద కూర్చున్నాక, ఎదుట ఉన్నదే సాంచ అని కాసేపు అనుకున్నాడు. దాని బీము ఏది, నాడె ఎటునుంచి ఎటు పోతుంది అని వెతికాడు. చాలా నెమ్మదిగా అది మోటారుసైకిలని జ్ఞప్తికి వచ్చింది; వచ్చాక సిగ్గుపడి, ఎవరైనా చూశారా అని సందులోకి చూశాడు. మార్కండేయ బకెట్టు ఖాళీ చేసి నిద్రకు పోయాడు. నవత దండెం మీది బట్టలు తీస్తోంది.

ఎండ ఎదురుగోడ ఎక్కేవేళకు, ఇక ఏమి చేయాలో తోచక, ఊడదీసినవాటిని యథాస్థానంలో పెడితే మంచిదనుకున్నాడు. ప్లగ్గు బిగించాడు. సీటు ఎత్తి పెట్టబోగా దాని కింది ఇనుపకొక్కెం ఆ మిగిలిన రెండు కొసల ముడికి తగులుకుని లాగింది. నలభై ఏళ్ళలో నూలుమీద ఒక్కనాడూ జారని అతని ముడి రాగిమీద జారిపోయింది. రెండు కొసలూ విడి వేలాడాయి.

చూశాడు. నొచ్చుకున్నాడు. మళ్ళీ ముడి వేయాలని సంకల్పించాడు కూడా. అయితే చెయ్యి సంకల్పిస్తుండగానే, పొద్దుటినుంచి ఒకే పని చేస్తున్న కాలు, తనకు వేరే ఆజ్ఞ అందలేదు కనుక, కిక్కు కొట్టింది.

బండి అరిచింది. నీలిపొగ సందును నింపింది. ఎవరి ఇంట్లోనో చంటిపిల్ల ఏడ్చింది. లింగమూర్తి చెవితో కాక అరికాళ్ళతో ఆ మోతను విన్నాడు. అది సాంచ మోతలాగే ఉంది.

వెంటనే, నడుస్తున్న సాంచ మీద తెగిన పోగు కనబడిన నేతగాడు చేసే పనే చేశాడు. ఎడమచేతి రెండువేళ్ళతో కొసలను దగ్గరకు తెచ్చాడు. వేలు చురుక్కుమంది, బండి గొంతు పట్టేసినట్టు గురగురలాడి ఆరిపోబోయింది. ఉలిక్కిపడి వదిలాడు. బండి ఊపిరి పీల్చుకుంది. మరోసారి తాకించాడు: మూలిగింది. వదిలాడు: లేచింది. లింగమూర్తి ఆ రెండు కొసలను ఎడంగా పట్టుకుని చాలాసేపు నిలుచున్నాడు. అతికితే ఆగుతోంది. తెగితే నడుస్తోంది. ఇది ఎక్కడి న్యాయమో, ఎవరు చేసిన సాంచో అతనికి బొత్తిగా అర్థం కాలేదు. మార్కండేయను లేపి అడుగుదామనుకున్నాడు. భూదేవికి చెబుదామనుకున్నాడు, ఆమె స్టవ్వు దగ్గర ఉంది. "చాయ్ తాగినంక చెప్త," అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి, ఒక తెగిన కొసను తెలిసి తెలిసి వేలాడవదిలి, పీటమీద కూర్చుని, గోడకు చేరగిలి, చెయ్యి చాచి ఆ అదిరే ఇనుము మీద ఆనించాడు.

భూదేవి చాయ్ తెచ్చింది. "ఓ, లేసిందా నీ బండి!" అని మోతకు మించి అరిచింది. "ఇగ బంద్ జెయ్యి, సందంత పొగాయె." అతను కదలలేదు. అతనికి వినబడకపోవడం కొత్త కాదు కనుక ఆమె గ్లాసు పీట పక్కన పెట్టి, తానే తాళంచెవి తిప్పింది. బండి ఆగలేదు. అటూ ఇటూ తిప్పింది. "ఆగుతలేదేందయ్యా?" అని వెనక్కు తిరిగింది. లింగమూర్తి నొసలు ముడిచి, ఎవరో లెక్క తప్పుచెప్పగా మర్యాదకు ఊరుకున్నట్టు, బండివైపే చూస్తున్నాడు.

ముందు నవతకు తెలిసింది. ఆమె చేతిలోని బట్టలు నేలమీద పడ్డాయి. తర్వాత సందంతా చేరింది. అందరూ ఏదో చెప్పారు. బండి మోతలో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. ఏడుపు కూడా వినబడలేదు. నోళ్ళు తెరుచుకోవడం మాత్రం కనిపించింది. మార్కండేయ పెట్రోలు నల్ల తిప్పి కుళాయి కట్టేశాడు. అప్పటికే లోపలికి దిగిన బొట్లతో బండి ఇంకా కొంతసేపు నడిచింది. ఆ తర్వాత, తొందరేమీ లేకుండా, ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది.

సోమవారం ఉదయం కిమ్‌లో కిటికీ పక్క సాంచ మరొకరి చేతికింద, ఏ తేడా లేకుండా, నేసింది.

దినవారాలకు బిక్షపతి సిరిసిల్లనుంచి వచ్చాడు. తిరిగిపోయే ముందురోజు అక్కతో అన్నాడు, "బండి నేను దోల్కపోత అక్కా. ఈడుంటె మల్ల ఎలుకలే గదా." భూదేవి తల ఊపింది. ఆ సాయంత్రం, బండి తమ్ముడి వెంట పోయేది కదా అని, తడిగుడ్డతో దాన్ని తుడవడానికి కూర్చుంది. సీటు కింద రెండు కొసలు వేలాడుతూ కనిపించాయి. మనిషికి ఊపిరాడనంత తొందరలో, పాపం, ఈ ఒక్కటీ అతకలేకపోయాడనుకుంది. లోపలికి వెళ్ళి, కొయ్యకు తగిలించిన అతని చొక్కా జేబులోంచి సాంచకు కట్టవలసిన పోగు తీసుకువచ్చింది.

మరునాడు బిక్షపతి చొక్కా తడిసేదాకా కిక్కు కొట్టాడు. గుద్దాడు, ఊపాడు, నల్ల విప్పాడు, మూశాడు. "గిదేందే? బావ నడిపిండంటిరి!" అన్నాడు.

"నడిపిండు," అంది భూదేవి. "ఇగో, గీడనే. సందంత ఇన్నది."

అతను బండినీ అక్కనూ మార్చి మార్చి చూసి, సంచి భుజాన వేసుకుని, రైలుకు పోయాడు. బండి గుమ్మం పక్కనే ఉండిపోయింది; సీటు కింద, నల్లకొసకూ చట్రపు కొసకూ నడుమ, మొదలేదో చివరేదో వెతికినా దొరకనంత నున్నగా బిగిసిన నేతముడి, దానిచుట్టూ ఇంకా రంగు దిగని పసుపు నూలుపోగు.